ఊఁ... తర్వాత?

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు మా పట్టణ శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. ఫోనులో రికార్డు చేసి, విని రాసింది గ్రంథాలయం పిల్లలు. మధ్యలో కరెంటు పోయిన అయిదు నిమిషాల మాటలు ఇందులో లేవు.)

అధ్యక్షులవారికీ, గ్రంథపాలకులవారికీ, ఈ ఎండలో ఇంతదూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. వినపడుతోందా? వెనక వరసకి?

చూశారా, ముందు వరసలో నలుగురు తల ఊపారు. వెనకనుంచి ఒకాయన చెయ్యెత్తారు. ఆ స్తంభం పక్కన కూర్చున్న మామ్మగారు మాత్రం ఊఁ అన్నారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆవిడన్న మాట గురించే. (నవ్వులు)

ఆహ్వానపత్రంలో ‘తెలుగు వైభవం’ అని వేశారు. వేసినవాళ్ళు క్షమించాలి. వైభవం గురించి చెప్పగలిగినవాళ్ళు ఈ జిల్లాలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్ఫయ్యేళ్ళు రేడియోలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి చప్పుళ్ళు. పైగా ఇవాళ గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో ఇదే రోజున పుట్టారు. నోటితో మాట్లాడే భాషకి గౌరవం దక్కాలని జీవితమంతా వాదించిన మనిషి. సవరలనే గిరిజనుల భాష నేర్చుకోవడానికి వాళ్ళ ఎదురుగా కూర్చుని విన్న మనిషి. అట్లా వినేటప్పుడు ఆయన ఎన్ని వేలసార్లు ఊఁ అని ఉంటారో! అందుకని ఈ రోజున నోటితో అనే మాటల్లోకెల్లా చిన్నదాన్ని పట్టుకున్నాను.

మాట అనొచ్చో లేదో కూడా అనుమానమే. నామవాచకం కాదు, క్రియ కాదు. వ్యాకరణంలో అవ్యయం అనే గంపలో పడేసి ఊరుకుంటారు. ఊరుకుంటే సరిపోయేది కాదది. ఒక పరీక్ష పెడతాను. నేను అంటాను, అర్థం మీరు చెప్పండి.

ఊఁ. (గొంతు దించుతూ) ఏమిటి? అవును. సరే.

ఊఁ? (గొంతు పైకి లేపుతూ) తర్వాతేమైంది? కరెక్టే. ‘ఏమిటీ, పిలిచావా?’ అని కూడా అవుతుంది.

ఊఁ! (పొట్టిగా, గట్టిగా) కానివ్వు. కదులు. మీ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే పొద్దున్న ఏడింటికి ఈ ఊఁ ఎన్నిసార్లు వినబడుతుందో మీకు తెలుసు. ‘ఊఁ, పళ్ళు తోముకో. ఊఁ, స్నానం. ఊఁ, ఊఁ, ఆటో వచ్చేసింది.’

ఊఁ... (సాగదీసి, ఎక్కడా పెంచకుండా దించకుండా) ఆలోచిస్తున్నాడు. ధర చెప్పాక కొనేవాడు అనే ఊఁ ఇది. అమ్మేవాడు ఈ ఊఁ వినగానే పది రూపాయలు తగ్గిస్తాడు. తగ్గించకపోతే వాడికి వ్యాపారం తెలీదన్నమాట.

ఊఁ...! (అడుగునుంచి, ఛాతీలోంచి) అలాగా? నీ సంగతి చెబుతా ఉండు. నాన్నకి మార్కుల కాగితం ఇచ్చినప్పుడు వచ్చే ఊఁ. (నవ్వులు)

ఇక ఊహూఁ. ఇది చిత్రమైనది. అవునన్నదానికీ కాదన్నదానికీ మధ్య తేడా అంతా ఒక్క ‘హూ’లో ఉంది. మధ్యలో ఊపిరిని ఒకసారి విరిచి కిందికి దించితే కాదు. అదే ఊపిరిని విరిచి పైకి లేపితే, ‘ఊహూఁ?’ అంటే, ‘అట్లాగా, నిజమా?’ అని ఆశ్చర్యం. రాతలో రెండూ ఒకటే. నాటకాలు రాసేవాళ్ళు అందుకే పక్కన బ్రాకెట్లో ‘తల అడ్డంగా ఊపి’ అని రాసుకుంటారు. రేడియో నాటకంలో ఆ వసతి లేదు. తల ఊపితే ఎవరికి కనపడుతుంది?

ఇంతకీ దీన్ని మనం ‘అనడం’తో ఆపలేదు. ‘ఊ కొట్టడం’ అన్నాం. అసలు తెలుగువాడు కొట్టనిది ఏముంది? చప్పట్లు కొడతాడు, ఫోను కొడతాడు, కబుర్లు కొడతాడు, డబ్బా కొడతాడు, డబ్బు కూడా కొట్టేస్తాడు. కానీ ఈ ‘ఊ కొట్టడం’లో కొట్టడం అనే మాట ఊరికే రాలేదని నా అనుమానం. తమిళంలో కూడా కథ వినేవాడు ‘ఉమ్ కొట్టాలి’. వాళ్ళకీ అదే కొట్టడం. దూరంగా జపాన్ వెళ్ళండి. అక్కడ ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊఁ, ఆఁ అంటూ ఉండకపోవడం మర్యాద తక్కువ. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఐజుచి’. కొలిమి దగ్గర కమ్మరి ఒక సుత్తి దెబ్బ వేస్తే, ఎదురుగా నిలబడ్డ సహాయకుడు తన సుత్తితో మార్చి వేసే దెబ్బ అది. వాళ్ళు కూడా దాన్ని ‘కొట్టడం’ అనే అంటారు.

చిన్నప్పుడు మా ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర గంటలు గంటలు నిలబడేవాణ్ణి. పట్టకారుతో ఎర్రటి కర్రు పట్టుకుని కూర్చున్నాయన చిన్న సుత్తితో టింగుమని తట్టేవాడు. ఎక్కడ కొట్టాలో చూపించే దెబ్బ అది. ఎదురుగా నిలబడ్డ కొడుకు అదే చోట సమ్మెటతో ధనామని వేసేవాడు. టింగ్, ధన్. టింగ్, ధన్. ఎవరో ఒకరు ఆపితే ఇనుము చల్లారిపోతుంది. జపాన్ సంగతి చదివిన రోజున నాకు ఆ కొలిమి గుర్తొచ్చింది. ఊ కొట్టడం అంటే కథ చల్లారకుండా కొట్టే దెబ్బ.

రాజస్థాన్‌లో ఒక సామెత ఉంది: ఫౌజులో నగారా, కథలో హుంకారా. సైన్యం కదలాలంటే నగారా మోగాలి, కథ కదలాలంటే ఊ కొట్టేవాడుండాలి. మన బుర్రకథ చూడండి. కథకుడి పక్కన ఇద్దరు వంతలు. ఒకాయన హాస్యం, ఒకాయన రాజకీయం. షేక్ నాజర్ గారంతటి మహాకథకుడు, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి, ఆయనకైనా పక్కన ఇద్దరు ఉండాల్సిందే. ‘తందాన తాన’ ఒక్కటే కాదు వాళ్ళ పని. ‘ఆహా’, ‘అప్పుడేమన్నాడు?’, ‘అయ్యయ్యో!’ ఇవన్నీ వాళ్ళవే. ప్రేక్షకుల తరఫున కూలికి పెట్టుకున్న ఊఁ అది. (నవ్వులు) తర్వాత్తర్వాత దాన్ని మనం తిట్టుగా మార్చుకున్నాం. ‘వాడు తందానా అంటే వీడు తాన అంటాడు’ అనీ, ‘వంత పాడుతున్నాడు’ అనీ. పాపం, వంత పాడడం ఎంత కష్టమో పాడినవాళ్ళనడగండి.

ఇళ్ళల్లో మాత్రం కూలి లేదు. వేసవికాలం, ఆరుబయట మంచాలు, నీళ్ళు చల్లిన వాకిలి, మధ్య మంచంలో మా నాయనమ్మ. అటు ముగ్గురం, ఇటు ఇద్దరం. కథ మొదలుపెట్టే ముందు ఆవిడ షరతు ఒకటే: ‘ఊ కొట్టాలి. కొట్టకపోతే ఆపేస్తా.’ మొదట అయిదు ఊఁలూ వచ్చేవి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకి వెళ్ళేసరికి నాలుగు. ఆరు చేపలు ఎండి, ఏడోది ఎండకపోయేసరికి రెండు. చీమ దగ్గరికి వచ్చేసరికి ఒకటి, అదీ సగం. ఆ సగం ఊఁ కూడా ఆగిపోయాక, వాక్యం మధ్యలో వదిలేసి ఆవిడ అటు తిరిగి పడుకునేది. పొద్దున్నే లేచి ‘నాయనమ్మా, ఏమైంది?’ అంటే, ‘నువ్వెక్కడిదాకా ఊ కొట్టావో చెప్పు, అక్కణ్ణుంచి చెబుతా’ అనేది. పుస్తకంలో పేజీ మడత పెట్టుకున్నట్టన్నమాట.

అన్నట్టు, అభిమన్యుడి కథ మీ అందరికీ తెలుసు కదా. సుభద్రకి నెలలు నిండుతున్నాయి, కృష్ణుడు పక్కన కూర్చుని పద్మవ్యూహం గురించి చెబుతున్నాడు. ఎట్లా చొరబడాలో చెప్పాడు. ఊఁ అని వినబడుతోంది. చెబుతున్నాడు, ఊఁ అని వినబడుతోంది. తిరిగి చూస్తే చెల్లెలు నిద్రపోతోంది! మరి ఊ కొడుతున్నదెవరు? కడుపులో బిడ్డ. కృష్ణుడు టక్కున ఆపేశాడు. బయటికి ఎట్లా రావాలో బిడ్డకి తెలియకుండా పోయింది.

వ్యాసభారతంలో ఈ ఊఁ లేదు. ద్రోణపర్వంలో అభిమన్యుడు ధర్మరాజుతో, చొరబడడం మా నాన్న చెప్పాడు, బయటపడడం నాకు తెలీదు అంటాడు, అంతే. కడుపులో వినడం, ఊ కొట్టడం జనం కల్పించుకున్నవి. ఎందుకు కల్పించుకున్నారంటే, మా నాయనమ్మలాంటి వాళ్ళు రోజూ రాత్రి ఎదుర్కొనే సమస్య అదే కాబట్టి. ఊఁ వినబడుతోంది సరే, అది ఎవరిది? మా తమ్ముడు నిద్రపోతే వాడి తరఫున నేను గొంతు మార్చి ఊ కొట్టేవాణ్ణి. మా నాయనమ్మకి తెలిసిపోయేది. కృష్ణుడికే ఆలస్యంగా తెలిసింది.

శాస్త్రజ్ఞులు దీన్ని పట్టించుకోవడానికి చాలాకాలం పట్టింది. 1970లో విక్టర్ ఇంగ్వే అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త, మాట్లాడేవాడు మాట్లాడుతుండగానే వినేవాడినుంచి వెనక్కి వచ్చే ఈ చిన్న చప్పుళ్ళకి ‘బ్యాక్ ఛానెల్’ అని పేరు పెట్టాడు. నాకీ పేరు నచ్చలేదు. మాట్లాడేవాడిది రాజమార్గం, వినేవాడిది దొడ్డిదారి అన్నట్టుంది. ఆ తర్వాత 2013లో, నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన సంస్థవాళ్ళు, వినపడనప్పుడు మనం ‘ఆఁ?’ అంటామే, అదొక్కటీ తీసుకుని పది భాషల్లో పోల్చి చూశారు. ఏ భాషకి ఆ భాషే, ఒకదానికొకటి చుట్టరికం లేని భాషలు చాలా ఉన్నాయి అందులో. అన్నిట్లోనూ దాదాపు ఒకే చప్పుడు. దానికి 2015లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి అది. ఆ పదింట్లో తెలుగు లేదు. అక్కర్లేదు కూడా. మా పక్కింటాయనకి చెవుడు, రోజుకి వందసార్లు వింటుంటాను. (నవ్వులు)

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి రేడియోది.

రేడియోలో మాకు నేర్పిన మొదటి పాఠం: ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఊ కొట్టకు. తల ఊపు, కళ్ళతో చూపించు, నవ్వు, చప్పుడు మాత్రం చెయ్యకు. ఎందుకంటే ఎదుటివాడి మాటమీద నీ ఊఁ పడితే తర్వాత కోతకి అడ్డం. అప్పట్లో కంప్యూటర్లు కావు, టేపు. పావు అంగుళం వెడల్పు. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగేది. అరసెకను ఊఁ అంటే దాదాపు నాలుగంగుళాల టేపు. స్పూళ్ళని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ, ఆ ఊఁ ఎక్కడ మొదలైందో చెవితో పట్టుకుని, పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, గాడిలో పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసల్నీ అతికించాలి. కొత్తలో ఒక ఊఁ తీయడానికి నాకు పది నిమిషాలు పట్టేది. అందుకని నోరు మూసుకుని తల ఊపడం బాగానే వచ్చేసింది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ, ‘మీరు వింటున్నారో లేదో తెలియడం లేదు, గంగిరెద్దులా తల ఊపుతారేమిటి?’ అనేది.

ఒకసారి జానపద కథలు రికార్డు చేయడానికి ఒక పల్లెకి వెళ్ళాం. బాగా కథలు చెబుతుందని ఒక ముసలమ్మ గురించి చెప్పారు. ఎనభై దాటి ఉంటాయి. చుట్ట కాలుస్తూ అరుగుమీద కూర్చుంది. నేను భుజాన రికార్డరు తగిలించుకుని, మైకు ముందుపెట్టి, ‘చెప్పమ్మా’ అన్నాను. మొదలుపెట్టింది. నేను తల ఊపుతున్నాను. నాలుగు వాక్యాలు చెప్పి ఆగింది. నేను మళ్ళీ తల ఊపాను. రెండు వాక్యాలు చెప్పి ఆగింది. చుట్ట తీసి, ‘ఏం నాయనా, ఉన్నావా, పోయావా?’ అంది.

‘ఇక్కడే ఉన్నానమ్మా, చెప్పు.’

‘ఉంటే ఊ కొట్టవేం? నాకు కళ్ళు కనపడవని చెప్పలేదా వీళ్ళు?’

ఎవరూ చెప్పలేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. నేనంతసేపూ తల ఊపింది గాలికి. రేడియో సంగతీ, టేపు సంగతీ, కోత సంగతీ వివరంగా చెప్పాను. అంతా విని, మధ్యమధ్య ఊఁ, ఊఁ అని శుభ్రంగా ఊ కొట్టి మరీ విని, చివర ఒకే మాటంది: ‘గోడకి చెప్పమంటే ఎట్టా చెప్పేది నాయనా?’

ఊ కొట్టాను. రూలు పక్కన పెట్టి గంటసేపు ఊ కొట్టాను. కథ పరుగెత్తింది. రాకుమారుడు అడవిలో దారి తప్పాడు, మర్రిచెట్టు తొర్రలో పాము, పాము తలమీద మణి, ఆవిడ గొంతు పెరుగుతోంది, తగ్గుతోంది, నా ఊఁని బట్టి ఆగుతోంది. ఒకచోట నేను అలవాటుగా పొడి ఊఁ ఒకటి విసిరాను. వెంటనే పట్టుకుంది. ‘అంత మాట చెబితే ఊఁ అంటావేంటి? అమ్మో అనాలి అక్కడ’ అని తిట్టింది.

తర్వాత చాలా ఏళ్ళకి ఒక సంగతి చదివాను. కెనడాలో జానెట్ బావెలాస్ అనే ఆవిడా, తోటి పరిశోధకులూ 2000లో ప్రచురించారు. ఒకరిని తాము త్రుటిలో తప్పించుకున్న ప్రమాదం గురించి కథ చెప్పమన్నారు. వినేవాళ్ళలో కొందరికి మాత్రం రహస్యంగా ఒక పని అప్పగించారు: చెప్పేవాడి మాటల్లో ఇంగ్లీషు ‘టీ’ అక్షరంతో మొదలయ్యేవి ఎన్నో లెక్కపెట్టు. వాళ్ళు మాటమాటనీ వింటున్నారు. కథని మాత్రం వినడం లేదు. ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడడం, ‘అమ్మో’ అనాల్సిన చోట ‘అమ్మో’ అనడం తగ్గిపోయింది. అప్పుడు చెప్పేవాళ్ళ కథలే పాడయ్యాయి. ముఖ్యంగా చివర్లో తడబడ్డారు, అయిపోయిన కథకి మళ్ళీ మళ్ళీ సంజాయిషీ ఇచ్చుకున్నారు. ముసలమ్మకి ఈ ప్రయోగంతో పనిలేకుండానే తెలుసు.

ఇంతసేపూ ఊఁని పొగిడాను. దానితో వచ్చే తంటా కూడా చెప్పాలి. ‘వింటున్నాను’ అన్నదానికీ ‘ఒప్పుకున్నాను’ అన్నదానికీ మనం ఒకే చప్పుడు పెట్టుకున్నాం. ‘ఆయన ఊఁ అన్నాడు’ అంటే ఒప్పుకున్నాడని. ‘నువ్వు ఊఁ అను చాలు, మిగతాది నేను చూసుకుంటా’ అంటారు. ఆ రెండు ఊఁల మధ్య సందులో నేనొకసారి పడ్డాను.

ఆదివారం పొద్దున్న. పేపరు చదువుకుంటున్నాను. మా తోడల్లుడు వచ్చి కూర్చున్నాడు. ఏదో చిట్టీ పాడాననీ, డబ్బు చేతికి రావాలంటే ఎవరో సంతకం పెట్టాలనీ, తమ మీద పూర్తి నమ్మకం ఉందనీ, ఇట్లా ఏవో చెబుతున్నాడు. నేను ఊఁ, ఊఁ అంటున్నాను. నా ఊఁలన్నీ పేపర్లో వార్తకి. మధ్యలో కాఫీ వచ్చింది, దానికీ ఒక ఊఁ అన్నాను. మర్నాడు కాగితాలు పట్టుకుని వచ్చాడు.

‘ఇదేమిటి?’ అన్నాను.

‘ష్యూరిటీ అన్నయ్యా. నిన్న ఊఁ అన్నారుగా!’

‘నేనెప్పుడన్నాను?’

లోపల్నుంచి మా ఆవిడ: ‘అన్నారు. నేను విన్నాను. మూడుసార్లన్నారు.’ (నవ్వులు)

పెట్టాను సంతకం. అతను చెడ్డవాడు కాదు, చేతకానివాడు. చివరి ఏడు వాయిదాలు నేనే కట్టాను. ఏడు వాయిదాలు కట్టేటప్పటికి పేపరు చదివేటప్పుడు నోరు మూసుకోవడం వచ్చింది.

నాది డబ్బుతో పోయింది. దీనికంటే పెద్ద వాటికి కూడా ఈ ఊఁ సరిపోతుందనుకుంటాం. పెళ్ళిచూపులు అయ్యాయి, అబ్బాయి వాళ్ళు వెళ్ళారు. ‘ఏమ్మా, నచ్చాడా?’ అంటారు పెద్దవాళ్ళు. అమ్మాయి తలొంచుకుని ఊఁ అంటుంది. మౌనం అర్ధాంగీకారమని ముందే ఒక సూత్రం రాసిపెట్టుకున్నాం కాబట్టి, ఊఁ అంటే ఇక పూర్తి అంగీకారమే అని లెక్క. మా చెల్లెలి విషయంలో అట్లాగే లెక్క తేలిపోయింది, తాంబూలాల ముహూర్తం కూడా అనుకుంటున్నారు. మా పిన్ని ఒక్కతే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ‘అది ఊఁ అనలేదు. గొంతు పూడుకుపోతే వచ్చిన చప్పుడది’ అంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని అరగంట కూర్చుంది దానితో. బయటికి వచ్చి, ‘ఈ సంబంధం వద్దని కబురు చెయ్యండి’ అంది. ఇంట్లో పదిమంది ఉన్నాం అప్పుడు. నేనైతే రేడియో ఉద్యోగిని, చెవులమీద బతికేవాణ్ణి. నాకూ వినపడలేదు.

డాక్టర్ల ఊఁ గురించి చెప్పక్కర్లేదనుకుంటాను. స్టెతస్కోపు వీపుమీద పెట్టి ఒకటి, పొట్ట నొక్కి ఒకటి, రిపోర్టు చూస్తూ మూడోది. ఆ మూడోది ఎంత సాగితే మనకి గుండె అంత జారుతుంది. చివరికి ‘ఏం లేదు, గ్యాస్’ అంటారు. ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా!

రాత సంగతి రెండు మాటలు. ఈ ఊఁ మీద నేను ఒక అరసున్న వేస్తాను. పాత పుస్తకాల్లో వాఁడు, వీఁడు అని ప్రతి పేజీలో అరసున్నలు ఉండేవి. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. నోట్లోంచి ఆ ముక్కు పలుకు ఎప్పుడో పోయింది, వ్యావహారికం వచ్చాక అచ్చులోంచీ పోయింది. ఎవరూ ఏడవలేదు, నేనూ ఏడవను. కానీ ఊఁ అనేటప్పుడు మాత్రం ఇప్పటికీ మనం ముక్కుతోనే పలుకుతాం. అరసున్న నిజంగా బతికున్న కొద్దిచోట్లలో ఇదొకటి. ఫోనుల్లో తెలుగు టైపు చేసేవాళ్ళకి ఆ గుర్తు ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఉండదు, ఉత్త ‘ఊ’ కొట్టి పంపిస్తారు. మా మనవరాలు అమెరికానుంచి అదీ పంపదు. నేను నాలుగు పేరాలు టైపు చేసి పంపితే, బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. అది విన్నట్టా, ఒప్పుకున్నట్టా, ఇక చాలు తాతా అన్నట్టా? మూడోదే అని మా అబ్బాయి అంటాడు. (నవ్వులు)

కానీ అదే పిల్ల మూడు నెలలప్పుడు ఎట్లా ఊ కొట్టేదో నాకు గుర్తుంది. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అంటాం కదా. వాటికంటే ముందే పిల్లలు ఊ కొడతారు. మా కోడలు కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ‘ఎవరమ్మా వచ్చింది? తాతా?’ అనేది. అని, ఆగేది. పిల్ల ‘ఊఁ’ అనేది. ‘ఏం తెచ్చాడమ్మా?’ ఆగేది. ‘ఊఁ, ఊఁగా.’ మాట ఒక్కటీ రాదు, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు అందుకోవాలో మాత్రం వచ్చు. చివర మళ్ళీ మిగిలేది కూడా అదే. మా నాయనమ్మకి ఆఖరి నెలల్లో మాట పడిపోయింది. సాయంత్రాలు నేను పక్కన కూర్చుని ఆవిడ కథలే ఆవిడకి చెప్పేవాణ్ణి. తప్పు చెప్పినచోట ఊహూఁ అనేది.

ముసలమ్మ టేపు ఏమైందో చెప్పి ఆపేస్తాను. స్టేషనుకి తెచ్చాక ప్రసారానికి పనికిరాదన్నారు. నా ఊఁలు తీసెయ్యాలి. రెండు రాత్రులు కూర్చుని కోశాను. మాటల మీద పడనివి అరవై చిల్లర తేలాయి. కోసిన ముక్కలు మామూలుగా చెత్తబుట్టలోకి పోతాయి. ఆ రాత్రి ఏం తోచిందో, ఒక్కొక్కటీ బల్ల అంచుకి వరసగా అంటించుకుంటూ వెళ్ళాను. తెల్లవారుజామున అన్నిటినీ ఒకదానికొకటి అతికించి, చిన్న స్పూలుకి చుట్టి, మిషన్‌మీద పెట్టాను. అరనిమిషం. ముసలమ్మ లేదు, కథ లేదు. ఉత్త ఊఁలు. ఊఁ, ఊఁ, ఊఁ?, ఊఁ, ఓహో, ఊఁ, ఊఁ...

పొద్దుటి డ్యూటీకి వచ్చిన అనౌన్సరు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ముందు నవ్వాడు. ఇరవయ్యో సెకను దాటాక నవ్వు ఆపి, ‘ఇక్కడ ఎవరో పోయారా?’ అని అడిగాడు.

అక్కడే రాకుమారుణ్ణి పాము కరిచింది.

ఆ స్పూలు కొన్నాళ్ళు నా సొరుగులో ఉంది. మాకు ఖాళీ టేపుకి ఎప్పుడూ కరువే. ఎవరో తీసి, చెరిపేసి, ఎరువులమీద ప్రసంగం తాలూకు చివరి ముక్క దానిమీద రికార్డు చేసుకున్నారు.

అధ్యక్షులవారు గడియారం రెండోసారి చూస్తున్నారు. మామ్మగారూ, మీరు మొదటినుంచీ ఆపకుండా కొడుతున్నారు, చూస్తూనే ఉన్నాను, మీకు ప్రత్యేకంగా దణ్ణం. బయట టీ వచ్చినట్టుంది. ఊఁ, లేవండి మరి.

(చప్పట్లు)